చెంబులో వచ్చిన సముద్రం

ముందే ఒక మాట చెప్పుకుంటాను. నాకు రాయడం అలవాటు లేదు. నాచారం బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, ఐదో తరగతిలో కూచున్నాను గానీ పూర్తి చేయలేదు. పెన్ను పట్టుకుంటే భయం. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఏ అక్షరానికి దీర్ఘం ఉందో నాకు ఇప్పటికీ అనుమానమే. నేను రాసింది మా మనవరాలు శ్రావణి కంప్యూటర్లో కొట్టి, కొంచెం సరిచేసి ఇస్తానంది. సరిచేశాక కూడా తప్పులు మిగిలితే అవి నావే, దానివి కావు. నా రాతను చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారని తెలుసు. అయినా రాయాలనిపించింది. ఎందుకంటే ఈ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు ఒకప్పటి మా పక్కింటి రత్నమత్త, నేను, ఇద్దరమే మిగిలాము.

శ్రావణి పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. ఒకరోజు ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చి, "అమ్మమ్మా, వైజాగ్ పోదాం. టికెట్లు గూడ తీసిన, ఇగ వద్దనకు," అంది. నాకు సంతోషం, భయం రెండూ కలిగాయి. ముందుగా నాచారం పోయి రత్నమత్తకు చెప్పాను. ఆమె పుట్టింది వైజాగ్‌లోనే. ఇప్పుడు కొడుకు శ్రీను దగ్గర పైఅంతస్తు ఫ్లాట్‌లో ఉంటుంది. మోకాళ్లు పూర్తిగా పోయాయి. దవాఖానాకు తప్ప గడప దాటదు. నేను చెప్పింది వింటుంటే బియ్యంలో రాళ్లు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. తర్వాత, "నేనింక చూడను లేవే సత్తీ. నా బదులు చూసి రా," అంది.

నేను మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయాను. అచ్చం ఇదే మాట మా అమ్మ నాతో అంది, నేను గౌను వేసుకొని తిరిగే రోజుల్లో. అప్పుడు కూడా వైజాగ్‌కే పోతున్నాను. అప్పుడు నేను పోయింది ఈ రత్నమత్త వెంటే.

అప్పటి నాచారం ఊరే గానీ బస్తీ కాదు. ఒకవైపు కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలు, ఒకవైపు మా వరి మళ్లు, జొన్న చేలు. పొద్దున సైరన్ మోగితే మా నాయనమ్మ బర్రె దగ్గర కూచునేది. ఆ సైరన్ ఫ్యాక్టరీ వాళ్లకన్నా మా బర్రెకే ఎక్కువ అర్థమయ్యేది, అది మోగగానే పాలు చేపేది. వాకిట్లో పేడ నీళ్ల వాసన, పొయ్యిలో పిడకల పొగ, పెనం మీద జొన్నరొట్టె మాడే వాసన, ఇవన్నీ కలిసి వచ్చేది మా తెల్లవారడం. అమ్మ రొట్టెలు కొడుతుంటే ఆ చప్పుడుకు నేను లేచేదాన్ని. ఒకనాడు బావి గట్టు మీద పాచికి జారి అమ్మ నడుము విరిగింది. ఎముకలు కట్టే ఆయన దగ్గరికి, దవాఖానాకు, అందరి దగ్గరికీ తిప్పారు. లాభం లేకపోయింది. అప్పటినుంచి రొట్టెల చప్పుడు నాయనమ్మది అయింది. ఆమె మెల్లగా కొట్టేది, నాకు మెలకువ వచ్చేది కాదు. అమ్మ ముందర అర్రలో నులక మంచం మీద పడుకొని, తలుపులోంచి ఎంత కనిపిస్తే అంతే లోకం చూసేది. ఒక వేపచెట్టు కొమ్మ, బావి గిలక, పోయే వచ్చే కాళ్లు.

మా పక్క పోర్షన్‌లోకి రత్నమత్త వాళ్లు కిరాయికి వచ్చారు. ఆమె భర్త ఫ్యాక్టరీలో గుమస్తా. కొత్త పెళ్లికూతురు, సన్నగా, పెద్ద జడతో ఉండేది. ఆమె వంట వాసన మాకు కొత్త. ఒకరోజు పనసకాయ పొట్టు కూరకు ఆవ పెట్టి, గిన్నె నిండా తెచ్చి నాయనమ్మకు ఇచ్చింది.

"ఏంది బిడ్డా గిది?" అంది నాయనమ్మ.

"పనసపొట్టు కూరండి అత్తగారూ."

"పొట్టా? మా దిక్కు పొట్టు బర్లకు ఏస్తం."

రత్నమత్త మొహం చిన్నబోయింది. నాయనమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకొని, "మస్తుగుంది. మా బర్ల నసీబుల లేదు," అంది. ఆ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అందులో పచ్చజొన్న కంకులు పెట్టి పంపింది. నాయనమ్మకు ఉన్న పట్టింపు అది. ఎవరింటికీ ఒట్టి చేతులతో పోదు. పక్కింటికి నిప్పు కోసం పోయినా కొంగులో రెండు పచ్చిమిరపకాయలు ముడి వేసుకొని పోయేది.

ఆమెకు ఇంకొక పట్టింపు నీళ్లది. ఆమె దగ్గర ఒక ఇత్తడి మరచెంబు ఉండేది, మూత తిప్పి బిగిస్తే చుక్క కారదు. ఏ నదికి స్నానానికి పోయినా ఆ చెంబు నిండా నీళ్లు తెచ్చేది. ఆమె వచ్చిందని తెలియగానే గల్లీ అంతా వచ్చి, ఆమె కాళ్లు కడిగి, చేయి చాపి తలా కొన్ని చుక్కలు తీర్థంగా తీసుకునేవాళ్లు. "పోయినోళ్ల పుణ్యంల పోలేనోళ్లకు గూడ పాలుంటది," అనేది నాయనమ్మ. తీర్థం కింద పడొద్దు, ఉమ్మొద్దు. అది మా గల్లీలో అందరికీ తెలిసిన నియమం.

మధ్యాహ్నం పని అయ్యాక రత్నమత్త అమ్మ మంచం పక్కన కూచొని కూరగాయలు తరుగుతూ వైజాగ్ ముచ్చట్లు చెప్పేది. కొండలు, ఓడలు, సింహాచలం సంపెంగ పూలు, ఓడలకు దారి చూపించే దీపం. నడుము పోయాక అమ్మ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. రత్నమత్తతో మాత్రం మాట్లాడేది.

"సముద్రానికి అటువైపు గట్టుండదు వదినా," అనేది రత్నమత్త.

"గట్టు లేకుంటే నీళ్లెట్ల ఆగుతయ్?"

"ఆగవు. వస్తాయి, పోతాయి, మళ్లీ వస్తాయి."

"దానికేం పని లేదా?" అనేది అమ్మ. అని, తలుపులోంచి బావి గిలక వైపు చూస్తూ ఉండిపోయేది. మా అమ్మ పెద్ద నీళ్లు అంటూ చూసింది ఉప్పల్ చెరువు ఒక్కటే.

రత్నమత్తకు ఏడో నెల వచ్చింది. పురుటికి పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న రావాలి. ఆయనకు హార్బర్‌లో సెలవు దొరకలేదు. భర్తకు ఫ్యాక్టరీలో దొరకలేదు. ఆమె గోడకు ఆనుకొని ఏడుస్తుంటే నాయనమ్మ వచ్చి, "ఏడ్వకు బిడ్డా, నేను దింపొస్త. నా ఏలు వట్టుకొని రా," అంది. నాయనమ్మ అప్పటిదాకా అంత దూరం పోయింది లేదు. తోడుకు నన్ను కూడా రమ్మంది. అమ్మను చూసుకోవడానికి మా చిన్నమ్మ వచ్చింది.

పోయే రోజు అమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది. నా జడలకు రిబ్బన్లు గట్టిగా బిగిస్తూ, "సత్తీ, నేనింక యాడికి వోత? నా బదులు సూసిరా. ఏదీ ఇడిసిపెట్టకు. వచ్చినంక నాకు అన్నీ చెప్పాలె," అంది. అప్పటిదాకా నాకు రైలు ఎక్కే సంబరమే ఉంది. ఆ మాటతో గుండెల్లో రాయి పడింది. అమ్మ కోసం చూడాలంటే మామూలుగా చూస్తే సరిపోదు కదా.

నాయనమ్మ బయలుదేరేముందు మా బావిలోంచి నీళ్లు చేది మరచెంబు నింపింది. అమ్మ మంచం మీంచి చూసి, "గా బావి నీళ్లెందుకత్తా?" అంది.

"సముద్రమింటికి ఒట్టి చేతులతోటి వోతనా? గా బావి నీ నడుము తీస్కున్నది. పాపం జేసింది. గది గూడ వోయి మొక్కుకోవాలె."

రైలు ముచ్చట ఎక్కువ చెప్పను. గోదావరి వంతెన మీద నాయనమ్మ లేచి నిలబడి, కిటికీలోంచి పైసలు వేసి దండం పెట్టింది. చెంబు మాత్రం ఒళ్లోంచి దించలేదు. ఎదుటి సీటు వాళ్లు తాగడానికి నీళ్లడిగితే, "గివి ఒకలింటికి తీస్కవోతున్నం," అంది. వాళ్లు ఆమెను వింతగా చూశారు.

రత్నమత్త వాళ్లమ్మ ఆదెమ్మగారి ఇల్లు హార్బర్‌కు దగ్గరలో, ఎత్తు మీద ఉండేది. మమ్మల్ని చూసి ఆమె, "ఒలమ్మా, పిల్లని ఎంత బాగా తెచ్చీసినారు!" అని నాయనమ్మ చేతులు పట్టుకుంది. ఆమె భాష నాయనమ్మకు సగం అర్థం కాదు, నాయనమ్మది ఆమెకు సగం. ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్లు. ఆమె మమ్మల్ని ఊరంతా తిప్పింది. హార్బర్ దగ్గర మూడు కొండలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. నాయనమ్మ మూడూ ఎక్కింది. దర్గాలో నెమలి ఈకలతో దువా ఇస్తుంటే తల వంచింది, చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. మూడు చోట్లా కోడలి నడుము గురించే చెప్పుకుంది. సింహాచలం పోయాము. గుట్ట ఎక్కుతుంటే దారి పొడుగునా పనస పండ్ల వాసన. దేవుడు ఒళ్లంతా చందనంతో ఉంటే మొహం ఎక్కడుందో నాకు తెలియలేదు. అమ్మకు ఏం చెప్పాలా అని భయపడ్డాను. దూరంగా సముద్రంలోకి తల పెట్టి పడుకున్న కొండ, దాని మీద ఓడలకు దారి చూపించే దీపం చూశాను. ఓడను చూసినప్పుడు మాత్రం ఏం చెప్పాలో వెంటనే దొరికింది. మా నాచారం ఫ్యాక్టరీ లేచి నీళ్ల మీద నడిచిపోతున్నట్టు ఉందని.

చివరికి బీచ్‌కు పోయాము. అంతదాకా దూరంనుంచే చూసిన సముద్రం ముందు చప్పుడుగా వినిపించింది, తర్వాత దగ్గరగా కనిపించింది. నేను నాయనమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకున్నాను. అటు గట్టు లేదు. నిజంగానే లేదు. నాయనమ్మ చెప్పులు దూరంగా విడిచి, చెంబు పట్టుకొని నిలబడింది. దండం పెడుతుందనుకున్నాను. ఆమె నడుము మీద చెయ్యి పెట్టి గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది.

"ఏమే, గిన్ని నీళ్లు వెట్టుకొని కూసున్నవు! మా దిక్కు చేన్లు ఎండుతుంటే ఒక్క వాన తోలితే నీ సొమ్మేం వోతుండె?"

ఆదెమ్మగారు చెవులు మూసుకుంది. "తప్పు తప్పు, అలగ అనకూడదమ్మా!"

"పెద్దదాన్ని, అడుగుత. అడిగేటోళ్లు లేకనే గిట్లయింది." అని చెంబు మూత తిప్పి, వంగి, మా బావి నీళ్లను అలలో కలిపింది. తర్వాత అదే చెంబును ముంచబోయింది.

ఆదెమ్మగారు చెయ్యి పట్టుకుంది. "సముద్రం నీళ్లు ఎవరైనా పట్టుకెళ్తారేటి? పున్నమి కాదు, అమావాస్య కాదు. ఊరికినే ముట్టుకోకూడదు."

"ఊకె ముట్టుకుంటలేను చెల్లె, ఇచ్చి తీస్కుంటున్న. కాశీ గంగ యాడ కలుస్తది?"

"సముద్రంలోనే."

"గోదారి? కిష్ణ? మా మూసీ?"

"అన్నీ ఇందులోనే."

"మరి గంతే గద. ఒక్కొక్క నదికి తిరిగే తాకత్ నాకు లేదు. అన్ని తీర్థాలు ఒక్క చెంబుల దొరుకుతుంటే ఇడిసిపెడ్తనా?"

ఆదెమ్మగారు చెయ్యి వదిలేసింది. చెంబు నిండింది, మూత బిగిసింది. ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయని ఆమె చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా అనుకుని ఉంటుంది. మాకు తెలియదు. నాయనమ్మ చూసిన నీళ్లన్నీ తియ్యటివే.

మేము నాచారం చేరేసరికి ఎప్పటిలాగే గల్లీ అంతా వచ్చేసింది. అమ్మ మంచాన్ని వాకిట్లోకి మోసుకొచ్చారు. నాయనమ్మ కాళ్లు కడిగారు. ఆమె గద్దె మీద కూచున్న దేవతలాగా కూచొని, "అన్ని నదులు ఒక్కతాన కలిసిన నీళ్లు," అని చెప్పి ఒక్కొక్కరి చేతిలో పోసింది. ముందు వరసలో బాలయ్య తాత. భక్తిగా నోట్లో పోసుకున్నాడు. ఆయన మొహం వంకర తిరిగింది, కళ్లు పెద్దవయ్యాయి. తీర్థం కదా, ఉమ్మకూడదు. మింగాడు. మింగి పక్కకు జరిగాడు. తర్వాత లచ్చవ్వ. ఆమె కూడా మింగింది. ఆమె బాలయ్య తాతను చూసింది, ఆయన ఆమెను చూశాడు, ఇద్దరూ గమ్మున ఉన్నారు. అట్లా గల్లీ సగం తాగేదాకా ఎవరూ నోరు విప్పలేదు. ఆఖరికి లచ్చవ్వ ఆగలేక, "అవ్వా, తప్పనుకోకు గని, గిందుల ఉప్పెవరేసిన్రు?" అంది.

నాయనమ్మ కోపంగా ఒక గుక్క తాను పోసుకుంది. ఆమె మొహం కూడా వంకర పోయింది. కాసేపు ఆలోచించి, "అన్ని నదులు కలిసినంక గట్లనే అయితయేమో. పది కూరలు ఒక్క గిన్నెల వోస్తే ఉప్పెక్కువ కాదా?" అంది.

"అయితది, అయితది," అన్నాడు బాలయ్య తాత దగ్గుతూ. "మంచిగ ఉప్పేసిన పుణ్యం."

అప్పుడు మంచం మీంచి ఒక చప్పుడు వినిపించింది. అమ్మ నవ్వుతోంది. నడుము విరిగిన తర్వాత ఆమె నవ్వగా ఎవరమూ చూడలేదు. నొప్పికి పక్క పట్టుకొని మరీ నవ్వుతోంది. నవ్వుతూ చెయ్యి చాపి, "నాకు వోయవా అత్తా?" అంది. నాయనమ్మ పోసింది. అమ్మ మాత్రం మొహం వంకర పెట్టలేదు. కళ్లు మూసుకొని, నాలుక మీద కాసేపు ఉంచుకొని, మెల్లగా మింగింది. కళ్లు తెరిచి నా వైపు చూసి, "ఇగ చెప్పు బిడ్డా, ఇప్పుడు కనవడ్తది," అంది.

నేను చెప్పాను. మూడు కొండలు, నడిచిపోయే ఫ్యాక్టరీ, చందనం దేవుడు, నాయనమ్మ సముద్రాన్ని తిట్టడం, అంతా. జనం వెళ్లిపోయాక కూడా చెప్పాను. అమ్మ తర్వాత గోడ పట్టుకొని కొంచెం నడవగలిగింది గానీ ఊరు దాటలేదు. కానీ ఎవరైనా సముద్రం మాట ఎత్తితే, "నేను గూడ సూసిన. ఉప్పగుంటది," అనేది. పోయేదాకా అంతే గట్టిగా అంది. ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు శ్రావణితో పోయేముందు అటక మీంచి ఆ మరచెంబు దింపి, చింతపండు పెట్టి తోమాను. మా బావి లేదు. అది ఉన్నచోట అపార్ట్‌మెంట్ వాళ్ల కార్లు నిలబడతాయి. అందుకని ఇంట్లో నల్లా నీళ్లే పట్టాను. శ్రావణి చూసి, "అమ్మమ్మా, గా చెంబేంది, రైల్ల నీళ్లు అమ్ముతరు," అని నవ్వింది. నేను మూత బిగించి చెంబును సంచిలో పెట్టుకున్నాను.

వైజాగ్‌లో చూడాల్సినవి ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. కైలాసగిరికి తీగల మీద పోయే పెట్టెలో ఎక్కించింది. నేను కళ్లు మూసుకున్నాను, "అమ్మమ్మా, రత్నమ్మమ్మకు ఏం చెప్తవు?" అనేసరికి తెరిచాను. పైన శివపార్వతులు కూచున్నారు, తెల్లగా, పెద్దగా. అక్కడినుంచి చూస్తే తీరం చీర అంచులాగా వంపు తిరిగి ఉంది, తెల్లని నురగ జరీలాగా. బీచ్ మీద నీళ్లలో మునిగి నడిచే యుద్ధ ఓడను తెచ్చి పెట్టారు, లోపలికి పోయి చూడొచ్చు. అందరూ యంత్రాలు చూస్తుంటే నేను వంటగది దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో దేవుడి అల్మారా అంత ఉంది. అందులో అంతమందికి ఎట్లా వండేవాడో ఆ వంటాయన, గాలి లేదు, కిటికీ లేదు. మనసులో ఆయనకు దండం పెట్టుకున్నాను. మూడు కొండలూ అట్లాగే ఉన్నాయి. నా మోకాళ్లు ఒప్పుకోక కింది నుంచే మూడింటికీ మొక్కాను.

అప్పుడు మాకు తిప్పి చూపించడానికి ఆదెమ్మగారు ఉంది, ఇప్పుడు శ్రావణి ఫోన్ ఉంది. ఫోన్ ఏది ఎక్కడుందో చెప్తుంది, తప్పిపోనివ్వదు. కాదనను, మంచిదే. కానీ మధ్యలో ఆపి జామకాయ కొనిపెట్టదు కదా.

సాయంత్రం బీచ్‌లో చెప్పులు విడిచి నీళ్లలోకి పోయాను. చెంబు మూత తిప్పి మా నల్లా నీళ్లు పోశాను. తిట్టడానికి నాకు నాయనమ్మ అంత ధైర్యం లేదు. "ఈసారి వానలు బాగానే తోలినవు," అని మాత్రం అన్నాను. చెంబు ముంచాను. శ్రావణి ఫోన్ పక్కన పెట్టి వచ్చి, అల తోయకుండా నా నడుము పట్టుకుంది.

తిరిగి వచ్చాక ముందు రత్నమత్త ఇంటికే పోయాను. చెంబు చూడగానే గుర్తుపట్టింది. నేను మూత తిప్పబోతుంటే శ్రీను గబగబా వచ్చాడు. ఇక్కడే పెరిగినవాడు, మాట తీరు మాదే.

"అక్కా, సముద్రం నీళ్లా? అమ్మకు బీపీ ఉన్నది. ఉప్పు ముట్టొద్దన్నడు డాక్టర్."

"ఊరుకోరా," అంది రత్నమత్త. "నువ్వు నా కడుపులో ఉన్నప్పుడే ఆ గాలి పీల్చుకున్నావు. ఇప్పుడు నాకే అడ్డొస్తావేటి? తాగుతానంటున్నానా?"

శ్రీను నవ్వి పక్కకు తప్పుకున్నాడు. నేను ముందు ఒక పళ్లెంలో కొన్ని నీళ్లు పోసి ఆమె పాదాలు కడిగాను. లెక్క ప్రకారం నా కాళ్లు ఆమె కడగాలి, పోయొచ్చింది నేను కదా. కానీ నాకు ఇదే సరైనదనిపించింది. ఆ రోజు ఆమె ఏడుస్తూ గోడకు ఆనుకొని ఉండకపోతే మా నాయనమ్మ సముద్రం చూసేది కాదు, మా అమ్మ నవ్వేది కాదు. ఆమె చెంబులో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. నేను కైలాసగిరి, చీర అంచు, వంటాయన, మూడు కొండలు, అన్నీ చెప్పాను. కళ్లు మూసుకునే విన్నది.

చివరికి, "మీ నాయనమ్మ పోసిన బావి నీళ్లు గుర్తున్నాయా?" అంది.

"గుర్తున్నయ్ అత్తా. బావే లేదు."

ఆమె ఇంకోసారి వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఎక్కడికి పోతుందే సత్తీ? ఇందులోనే ఉంది," అంది.

రాయాలనుకున్నది ఇంతే. చదివినవాళ్లకు నా రాతలో ఎక్కడైనా ఉప్పు ఎక్కువై మొహం వంకర పోయి ఉంటే, మా గల్లీ వాళ్లు తీర్థాన్ని ఉమ్మకుండా మింగినట్టే నా తప్పులను కూడా మింగేసి, పెద్ద మనసుతో క్షమించమని చేతులు జోడించి అడుగుతున్నాను.